సరుకు పడవలు తిరిగే నదిలో ఒక రోజు షికారు

సరుకు మోసే చదునైన పెద్ద పడవలైన బార్జిలు, వాటిని లాగే టగ్గులు, అడుగు తవ్వే డ్రెడ్జర్లు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే బల్లకట్లు, వలలేసుకున్న జాలర్లు. వీళ్లందరికీ నది పనిచేసుకునే చోటు. పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే షికారు పడవకూ అక్కడ చోటుంది, హాయిగా గడపడానికి కావలసినంత ఉంది. కాకపోతే ఒక సంగతి ముందే మనసులో గట్టిగా నాటుకోవాలి. పెద్ద పడవ మన కోసం ఆగలేదు, తిరగలేదు, చాలాసార్లు మనల్ని చూడనైనా చూడలేదు. తప్పుకోవలసింది మనమే. అదీ చాలా ముందుగా, మనం ఏం చేయబోతున్నామో అవతలి సరంగుకు దూరం నుంచే తెలిసిపోయేలా తప్పుకోవాలి. ఈ టపాలో చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఐదారు మీటర్ల పొడవు, వెనక బయట తగిలించే 40 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్, నలుగురు మనుషులు పట్టే పడవను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

పెద్ద పడవ ఎందుకు తప్పుకోలేదో అంకెల్లో చూస్తే బాగా అర్థమవుతుంది. మిసిసిపీ నదిలో ఒక్క తోపుడు పడవ పదిహేను బార్జిలను మూడేసి చొప్పున ఐదు వరసలుగా కట్టి ముందుకు నెట్టుకుపోతుంది. ఒక్కో బార్జి సుమారు 59 మీటర్ల పొడవు, 10.7 మీటర్ల వెడల్పు. అంటే బార్జిలే దాదాపు 300 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు. సరంగు కూర్చునేది వాటన్నిటి వెనక. నిండు సరుకుతో ఏటివాలున వస్తున్న అలాంటి వరస పూర్తిగా ఆగడానికి కిలోమీటరుకు పైగా పట్టొచ్చు. బార్జిల ముందు కొన్ని వందల మీటర్ల నీళ్లు సరంగు కంటికి ఆనవు. బార్జిలు ఖాళీగా ఉంటే మరీ కష్టం. అవి నీళ్లలో పైకి తేలి చూపును ఇంకా అడ్డుకుంటాయి, గాలి తోస్తే పక్కకు జారతాయి. నడిపే గది అద్దాలు మీకు కనబడకపోతే ఆ గదిలోని మనిషికి మీరూ కనబడనట్టే లెక్క.

ఇప్పుడు వేగం సంగతి. ఎదురుగా బార్జి గంటకు 12 కి.మీ. వేగంతో, మీరు 20 కి.మీ. వేగంతో వస్తున్నారనుకోండి. మధ్య దూరం గంటకు 32 కి.మీ. చొప్పున కరిగిపోతుంది. కిలోమీటరు దూరంలో కనబడిన బార్జి రెండు నిమిషాలు తిరక్కుండానే పక్కకు వచ్చేస్తుంది. ఆ రెండు నిమిషాల్లో ఫొటో తీసి, పిల్లలకు చూపించి, ఆ తర్వాత ఎటు పోవాలో ఆలోచిద్దామంటే కుదరదు.

బయల్దేరే ముందు

మొదట నీటిమట్టం చూడాలి. ఎగువన వాన పడి మట్టం పెరుగుతుంటే ఆ రోజు షికారు మానేయడమే మంచిది. పెరిగే నీరు ఒడ్డున పడి ఉన్న దుంగలను లేపుకొస్తుంది. వాటిలో సగం నీటిలో మునిగి ఉంటాయి కాబట్టి తగిలేదాకా కనిపించవు. తగ్గుతున్న నీటిలో దుంగలు తక్కువే గాని మేటలు కొత్త చోట్ల లేస్తాయి, పాత లోతులను నమ్ముకోలేం.

తర్వాత ప్రవాహం వేగం. దానికి పరికరం అక్కర్లేదు. రేవు గట్టు వెంబడి 10 మీటర్లు కొలిచి, ఒక పుల్ల నీళ్లలో వేసి, అది ఆ దూరం పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మీటర్లను సెకన్లతో భాగించి 3.6తో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 9 సెకన్లు పడితే 4 కి.మీ. ఇది గట్టు పక్కన వేగం, నడిమధ్య ఇంకా ఎక్కువ ఉంటుంది.

ఈ అంకె దేనికంటే ఇంధనానికి. నిశ్చల నీటిలో గంటకు 10 కి.మీ. నడిచే పడవ 4 కి.మీ. ప్రవాహంలో ఎగువకు 6, దిగువకు 14 చొప్పున పోతుంది. ముందు ఎగువకు 12 కి.మీ. వెళ్తే రెండు గంటలు, తిరుగు ప్రయాణం 51 నిమిషాలు. దీన్నే తిరగేసి చూడండి. ముందు దిగువకు రెండు గంటలు హాయిగా 28 కి.మీ. జారిపోతే, తిరిగి రావడానికి నాలుగు గంటల నలభై నిమిషాలు. గంటకు 5 లీటర్లు తాగే వేగంలో వెళ్లేటప్పుడు 10 లీటర్లు, వచ్చేటప్పుడు 23 లీటర్లు. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు నిల్వ అనే పాత లెక్క చెరువులో చక్కగా పనిచేస్తుంది. నదిలో దిగువకు బయల్దేరినవాళ్లను మాత్రం అది నట్టేట ముంచుతుంది. అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే: ముందు ఏటికెదురు పొండి. ఇంజన్ మొరాయించినా ప్రవాహమే ఇంటి దిక్కుకు తెస్తుంది. ఆటుపోట్లు వచ్చే నదిలో మాత్రం పోటుతో ఎగువకు, ఆటుతో దిగువకు వచ్చేలా బయల్దేరే వేళను కుదుర్చుకోవాలి. 40 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజన్ పూర్తి వేగంలో గంటకు సుమారు 15 లీటర్లు తాగుతుంది. తొందరపడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

విడి పెట్రోలు డబ్బాలను పడవలో ఉంచి నింపకూడదు. గట్టు మీద, నేలకు ఆనించి నింపాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. లోపల ఇంజన్ ఉన్న పడవైతే స్టార్ట్ చేసే ముందు ఆవిరిని బయటికి తోసే ఫ్యానును, అంటే బ్లోయర్‌ను, కనీసం నాలుగు నిమిషాలు నడిపి, ఆ తర్వాత వాసన చూడాలి.

లైఫ్ జాకెట్ల మీద 50, 100, 150 అని న్యూటన్లలో అంకె ఉంటుంది. 50ది ఈత వచ్చి, సాయం దగ్గర్లో ఉన్నవాళ్లకు. స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని పైకి తిప్పే ఉద్దేశంతో చేసినవి 100, ఆపైవి. పనిచేసే నదిలో 100కు తగ్గొద్దు. సీటు కింద దాచిన జాకెట్ లేనట్టే లెక్క, ఎక్కేముందే ఒంటి మీద ఉండాలి. నడిపేవారి ఒంటికి కిల్ స్విచ్ తాడు తగిలించి ఉండాలి. పెద్ద అల కొట్టి ఆయన నీళ్లలో పడితే ఇంజన్ ఆగాలి. లేదంటే పడవ గుండ్రంగా తిరిగి ఆయన మీదికే వస్తుంది.

ఇంజన్ స్టార్ట్ కాగానే వెనక సన్నటి నీటి ధార వస్తోందా చూడండి. ఇంజన్‌ను చల్లార్చే నీరు తిరుగుతోందనడానికి అదే గుర్తు. దారిలో పదేపదే వెనక్కి చూసి దాన్ని గమనిస్తూ ఉండాలి. నదుల్లో ఎక్కువగా జరిగేది ఏమిటంటే ప్లాస్టిక్ సంచి వచ్చి నీళ్లు పీల్చే రంధ్రాలకు అతుక్కోవడం. ధార సన్నబడితే వెంటనే వేగం తగ్గించి, ఓడల దారి నుంచి పక్కకు వచ్చి, ఇంజన్ ఆపి, పైకెత్తి సంచి లాగేయాలి. హెచ్చరిక మోగేదాకా ఆగితే ఆ నీళ్లను తోడే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు మాడిపోయి ఉంటాయి. విడి సామాన్లలో స్పార్క్ ప్లగ్గులు, ఇంధన ఫిల్టరు, ప్రొపెల్లర్, దాని నట్టూ పిన్నూ, ఆ నట్టుకు సరిపోయే రెంచీ ఉండాలి. ప్రొపెల్లర్ తెచ్చి రెంచీ మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

దారి, గుర్తులు

1972 నాటి అంతర్జాతీయ ఢీ నివారణ నియమాల్లో తొమ్మిదోది ఇరుకు దారుల గురించి. దారి కుడి అంచుకు వీలైనంత దగ్గరగా పోవాలని, 20 మీటర్ల కన్నా చిన్న పడవలు, తెరచాప పడవలు ఆ దారి దాటి పోలేని పెద్ద ఓడకు అడ్డు రాకూడదని అది చెబుతుంది. తెరచాప ఉంది కాబట్టి ముందు దారి నాదేనన్న వాదన ఇక్కడ చెల్లదు. ఒక్కో దేశానికి, ఒక్కో నదికి సొంత నియమాలు కూడా ఉంటాయి, వెళ్లే ముందు అవి చదవాలి. ఉదాహరణకు మిసిసిపీలో ప్రవాహంతో దిగువకు వచ్చే పడవకే ముందు దారి, ఎటు దాటుకోవాలో చెప్పేది అదే. యూరప్‌లోని రైన్ నదిలో ఎటు దాటుకోవాలో ఎగువకు పోయే పడవ నిర్ణయిస్తుంది. అది నీలం పలకను పైకెత్తి, తెల్ల దీపం మిణుకుమనిపిస్తే కుడివైపులు ఎదురెదురుగా ఉండేలా దాటుకుందామని అర్థం. ఇది తెలియక అలవాటు ప్రకారం కుడికి జరిగినవాళ్లు సరిగ్గా ఆ పడవకు ఎదురుపోతారు.

దారి అంచులు చూపడానికి నీటి మీద తేలేలా కట్టిన గుర్తులు, అంటే బోయాల రంగులూ అంతే. సముద్రం వైపు నుంచి ఎగువకు వస్తుంటే ప్రపంచంలో చాలా చోట్ల ఎరుపు ఎడమకు, ఆకుపచ్చ కుడికి ఉంటాయి. అమెరికా ఖండాలు, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్‌లలో దీనికి తిరకాసు. బోయాకు మరీ దగ్గరగా పోవద్దు. ఉరవడి ఎక్కువైనప్పుడు అది నీటి కిందకు లాగబడి, ఉన్నట్టుండి మళ్లీ పైకి లేస్తుంది. వరద తర్వాత గొలుసు తెగి వేరే చోటికి కొట్టుకుపోయి ఉండొచ్చు కూడా.

మన పడవకు అర మీటరు పైచిలుకు లోతు చాలు కాబట్టి, వీలున్న చోట ఓడల దారి వదిలి బోయాల వరసకు కాస్త బయటగా పోవడం అందరికీ సుఖం. అయితే ఒడ్డుకు మరీ దగ్గరగా పోకూడదు. నీటిని నడిమి దారిలోకి మళ్లించడానికి ఒడ్డు నుంచి అడ్డంగా కట్టిన రాతి కట్టలు చాలా నదుల్లో ఉంటాయి. మధ్యరకం మట్టంలో అవి నీటికి జానెడు కింద దాక్కుని ఉంటాయి. ఒడ్డు నుంచి నది లోపలికి తిన్నగా సాగే అలల గీత, దాని దిగువన కలత నీరు కనిపిస్తే అది రాతి కట్టే. మలుపుల్లో వెలుపలి ఒడ్డు లోతు, లోపలి ఒడ్డు మేట. నీటి మీద ఇంగ్లిష్ V ఆకారం మొన ఎగువకు తిరిగి ఉంటే ఆ మొన దగ్గర రాయో మొద్దో ఉంది. మొన దిగువకు ఉండి నడుమ నునుపుగా ఉంటే రెండు అడ్డంకుల మధ్య దారి అది. ఏటివాలున పోతూ మేటెక్కితే ప్రవాహం పడవను ఇంకా పైకి నెట్టి బిగిస్తుంది. ఎదురు పోతూ ఎక్కితే ప్రవాహమే వెనక్కి దించుతుంది. కాబట్టి అనుమానమున్న పాయల్లోకి దిగువ వైపు నుంచే, నెమ్మదిగా ప్రవేశించాలి.

పెద్ద పడవ ఎదురైనప్పుడు

మొదట చూడవలసింది దిక్కు మారుతోందా లేదా అని. మీ పడవ అంచు మీద ఏదో ఒక గుర్తుకు సూటిగా అవతలి పడవను పట్టి చూడండి. అది దగ్గరవుతూ కూడా ఆ గుర్తు వెనకే కదలకుండా ఉంటే ఢీకొంటారు. ముందుకో వెనక్కో జరుగుతుంటే తప్పుతుంది. అయితే 300 మీటర్ల బార్జి వరసకు ముక్కు జరిగినంత మాత్రాన తోక జరిగినట్టు కాదు, రెంటినీ చూడాలి.

దిశ మార్చేటప్పుడు కొద్దికొద్దిగా జరగొద్దు. అది అవతలివారికి కనబడదు. ముప్ఫై డిగ్రీలకు పైగా ఒక్కసారి తిప్పి, మీ పడవ పక్కభాగం ఆయనకు కనిపించేలా చేసి, కొత్త దారిలో నిలకడగా సాగండి. అప్పుడే ఆయనకు నమ్మకం కుదురుతుంది.

హారన్ భాష నేర్చుకోవాలి. అంతర్జాతీయ నియమాల్లో ఒక సెకను కూత ఒకటి అయితే కుడికి తిరుగుతున్నా, రెండైతే ఎడమకు, మూడైతే ఇంజన్ రివర్స్‌లో ఉంది. ఐదు లేక అంతకన్నా ఎక్కువ చిన్న కూతలు వరసగా వినిపిస్తే మీరేం చేస్తున్నారో అర్థం కావడం లేదని అర్థం. షికారు పడవలవాళ్లు దాన్ని పలకరింపు అనుకుని చేతులూపుతుంటారు. ఆ కూత వినగానే మీ చుట్టూ చూసి, దారి నుంచి తప్పుకోండి. మలుపుకు అవతలి నుంచి నాలుగైదు సెకన్ల పొడుగు కూత ఒకటి వస్తే, కనబడని పడవ వస్తోందన్నమాట. అలాంటప్పుడు మలుపులోకి పోవద్దు. ఏటివాలున వచ్చే బార్జి వరస మలుపు తిరిగేటప్పుడు దాని తోక వెలుపలి ఒడ్డు వైపు జారుతుంది, దారి మొత్తం వెడల్పునూ ఊడ్చుకుంటూ పోతుంది. ముందున్న సూటి పాయలో, దారికి బయట ఆగి, అది దాటాక కదలండి.

పడవలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో కొనమని గట్టిగా చెబుతాను. ఫోనుతో పని జరగదు, ఎదుటి సరంగు నంబరు మన దగ్గర ఉండదు. 16వ చానెల్ పిలుపుకూ ఆపదకూ. దీనితో పాటు ఆ నదిలో సరుకు పడవలు మాట్లాడుకునే చానెల్ ఏదో తెలుసుకుని విడవకుండా వింటూ ఉండాలి. వాళ్లు ఏ మలుపులో ఎవరెవరు కలుస్తారో ముందే చెప్పుకుంటారు. అవి వింటుంటే రాబోయే పావుగంటలో నది ఎలా ఉంటుందో మనకు తెలిసిపోతుంది.

దాటుకునేటప్పుడు రెండు రకాల నీళ్లు వస్తాయి. పెద్ద పడవ పక్కకు రాగానే ఒడ్డు దగ్గరి నీరు దాని వైపు లాగబడి మట్టం పడిపోతుంది, అది వెళ్లాక తిరిగి ఒక్కసారిగా ఒడ్డు మీదికి వస్తుంది. ఇసుకకు ముక్కు ఆనించి ఆపిన పడవ ముందు నేల మీద కూర్చుని, ఆపైన ఎత్తి కుదేయబడుతుంది. మోకాలి లోతులో ఆడుకునే పిల్లలను ముందు లోపలికి లాగేది ఈ నీరే. బార్జి కనబడగానే పిల్లలను గట్టెక్కించండి. రెండోది పడవ వెనక రేగే నీరు. బలమైన తోపుడు పడవ వెనక కొన్ని వందల మీటర్ల దాకా నిలువు అలలు, సుడులు ఉంటాయి. అలలను పడవ పక్కన తగలనివ్వకుండా, వేగం తగ్గించి, ముక్కును ముప్ఫై నుంచి నలభై ఐదు డిగ్రీల ఏటవాలుగా పెట్టి ఎక్కించాలి. మనుషులు పడవ మధ్యలో కిందికి కూర్చోవాలి. ముక్కు దగ్గర కూర్చున్నవారికే నడుము దెబ్బలు ఎక్కువ.

మన అల గురించి కూడా చెప్పాలి. సగం వేగంలో పోతే తక్కువ అల వస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి ముక్కు లేచి, వెనకభాగం నీటిలో కూరుకున్న ఆ మధ్య వేగంలోనే అల అన్నిటికన్నా పెద్దది. రేవుకు కట్టిన పడవల మధ్య మనుషులు కాలు వేసి దాటుతుంటారు, జాలరి చిన్న పడవలో నిలబడి వల లాగుతుంటాడు. అక్కడ పడవ పూర్తిగా నీటిలో కూర్చుని, వెనక నీరు నునుపుగా కనిపించేంత నెమ్మదిగా పోవాలి.

అడ్డంగా దాటడానికి లెక్క ఇది. 300 మీటర్ల దారిని గంటకు 8 కి.మీ. వేగంతో దాటాలంటే 135 సెకన్లు. ఆలోగా 12 కి.మీ. వేగంతో వచ్చే బార్జి 450 మీటర్లు వస్తుంది. దాని ముందు కనబడని 300 మీటర్లూ కలపండి. మధ్యలో ఇంజన్ ఆగితే? కిలోమీటరులోపు బార్జి ఉంటే ఆగి, అది పోయాక, వెనకటి నీరు కుదుటపడ్డాక, తిన్నగా అడ్డంగా దాటండి.

కదలనివే ఎక్కువ ప్రమాదం

నదిలో ప్రాణాలు తీసేవి ఎదురొచ్చే పడవలకన్నా కదలకుండా ఉన్నవే అనిపిస్తుంది నాకు. లంగరేసిన బార్జి వాటిలో మొదటిది. దాని ముక్కు ఏటవాలుగా నీటి కిందకు చెక్కి ఉంటుంది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన చిన్న పడవను ప్రవాహం ఆ వాలుకు అదిమి, పక్కకు ఒరిగించి, నీళ్లు నింపి, కిందకు తోసేస్తుంది. లంగరేసిన బార్జికి ఎగువన ఆగడం, లంగరేయడం, ఇంజన్ ఆపి జారడం, చేపలు పట్టడం ఏదీ చేయకూడదు. వంతెన స్తంభాలకు ఎగువనా అంతే. స్తంభాల మధ్య పోయేటప్పుడు ఇంజన్ లాగుతూ ఉండాలి, అప్పుడే చుక్కాని మాట వింటుంది.

రెండోది ఆనకట్ట. తక్కువ ఎత్తు కట్ట ఎగువ నుంచి చూస్తే కనిపించదు, నీటి మీద సన్నటి సమ గీతలా ఉంటుంది. పడిన నీరు అడుగున తిరిగి మళ్లీ కట్ట వైపే వస్తుంది. ఆ తిరుగుడులో పడిన పడవను, మనిషిని అక్కడే తిప్పుతుంది, లైఫ్ జాకెట్ ఉన్నా సరే. కట్ట ఎక్కడుందో బయల్దేరే ముందే పటంలో చూసుకోవాలి. హెచ్చరిక బోయాలు దాటి ఎగువ నుంచీ పోకూడదు, దిగువ నుంచీ పోకూడదు.

టగ్గుకూ అది వెనక లాగే బార్జికీ మధ్య ఖాళీ నీళ్లు కనిపిస్తే అక్కడ ఉక్కు తాడు ఉంటుంది, ఎక్కువ భాగం నీటి కిందే. ఆ మధ్యలోకి ఎప్పటికీ పోవద్దు. తాడు పట్టుకుని నడిచే బల్లకట్టు కదులుతున్నంతసేపూ తాడు బిగిసి పైకి లేస్తుంది. అది ఒడ్డుకు చేరి, తాడు మునిగాకే దాటాలి. డ్రెడ్జర్ పనిలో ఉన్నప్పుడు రెండు పక్కలా గుర్తులు కడుతుంది. ఒకదాని కింద ఒకటిగా రెండు నల్ల బంతులున్న వైపు అడ్డంకి ఉంది, రెండు వజ్రాకారాలున్న వైపు దారి ఉంది. చీకట్లో బంతులకు బదులు రెండు ఎర్ర దీపాలు, వజ్రాలకు బదులు రెండు ఆకుపచ్చవి. డ్రెడ్జర్ నుంచి ఒడ్డు దాకా నీటి మీద తేలే గొట్టం ఉండొచ్చు, అది దారిని పూర్తిగా మూసేయొచ్చు కూడా. రేడియోలో అడగడానికి మొహమాటపడొద్దు.

లాకులో

లాకు అంటే రెండు గేట్ల మధ్య నీరు నింపి, దించి పడవలను ఒక మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే గది. అక్కడ సరుకు పడవలకే ముందు వంతు. సిగ్నలు వచ్చేదాకా గేటు నుంచి వచ్చే నీటి తాకిడికి దూరంగా ఆగాలి. లోపలికి పోయే ముందే రెండు పక్కలా గోడ రాసుకోకుండా వేలాడదీసే మెత్తలు (ఫెండర్లు), ముందొక తాడు, వెనకొక తాడు సిద్ధం చేసుకోవాలి. ఒక్కో తాడు లాకు లోతుకు రెండింతలకు తగ్గకూడదు. దాన్ని గోడ మీది కొక్కేనికో గుంజకో చుట్టి, కొసను చేతిలోకి తీసుకోవాలి. ముడి వేయకూడదు. నీరు దిగుతుంటే ముడివేసిన పడవ గోడకు వేలాడి తిరగబడుతుంది. కోసేయడానికి కత్తి అందుబాటులో ఉండాలి. తాడు చేతికి చుట్టుకోవద్దు, గోడకూ పడవకూ మధ్య చెయ్యీ కాలూ పెట్టొద్దు.

నీరు నిండేటప్పుడు ఎగువ గేటు దగ్గర తాకిడి ఎక్కువ, వీలైనంత వెనక ఉండాలి. దిగేటప్పుడు తలకిందులు. ఎగువ గేటు కింద ఒక కాంక్రీటు మెట్టు ఉంటుంది, నిండుగా ఉన్నప్పుడు కనిపించదు. పడవ వెనకభాగం దాని మీద ఉండిపోతే నీరు దిగాక అది మెట్టు మీద కూర్చుని, ముక్కు నీళ్లలోకి దూరుతుంది. మెట్టు ఎక్కడిదాకా ఉందో గోడ మీద గీత గీసి ఉంటుంది, దానికి ముందుకు ఉండండి. బార్జితో కలిసి లాకులో ఉంటే అది బయటికి కదిలేటప్పుడు ప్రొపెల్లర్ తోసే నీరు మీ మీదికి వస్తుంది. తాడు వదలకుండా, ఆ నీరు తగ్గేదాకా ఆగాలి.

ఆగి భోంచేసే చోటు

ఓడల దారికి బయట, మలుపుకు దూరంగా, కరెంటు తీగలు, గొట్టాలు నది కింద నుంచి పోతున్నాయని చెప్పే పలకలు లేని చోట లంగరేయాలి. లోతుకు పడవ ముక్కు ఎత్తు కలిపి, దానికి ఐదు నుంచి ఏడింతల తాడు వదలాలి. నాలుగు మీటర్ల లోతు, అర మీటరు ఎత్తు అయితే 22 నుంచి 32 మీటర్లు. లంగరుకూ తాడుకూ మధ్య మూడు నుంచి ఐదు మీటర్ల గొలుసు ఉంటే లంగరు పడుకుని పట్టు దొరుకుతుంది. కట్టేది ముక్కుకే. ఇంజన్ బరువున్న వెనకభాగానికి కడితే ప్రవాహం అటునుంచే నీళ్లు ఎక్కించి నిమిషంలో ముంచేస్తుంది. ఇంజన్ గానీ జనరేటర్ గానీ నడుస్తున్నప్పుడు వెనక మెట్టు మీద ఎవరూ కూర్చోకూడదు, అక్కడ ఈదకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇంజన్ ఆగిపోతే

ముందు లంగరు. తర్వాతే ఇంజన్ మూత తెరవడం. అందుకే లంగరు సామాన్ల అడుగున కాకుండా ముక్కు దగ్గర, తాడు చిక్కు లేకుండా, ఒక కొస కట్టేసి ఉండాలి. పడవ ఓడల దారిలో ఉంటే, ఇంకా కాస్త ఊపు ఉండగానే దారి బయటికి తిప్పాలి. ఊపు పోయాక తెడ్డుతో గాని, గెడ అందితే దాంతో గాని తోసుకోవాలి. అప్పుడే రేడియోలో మీరున్న చోటు చెప్పండి. ఒడ్డున కిలోమీటరు పలకలో బోయా నంబర్లో ఉంటాయి, వాటిని దాటినప్పుడల్లా ఒకరు రాసుకుంటూ ఉంటే ఈ సమయంలో తడుముకోనక్కర్లేదు. ప్రాణాపాయం ఉంటే మేడే, పడవ కదలక సాయం కావాలంటే పాన్-పాన్.

మనిషి నీళ్లలో పడితే పడిన వైపుకే స్టీరింగ్ తిప్పాలి, ప్రొపెల్లర్ ఆయన నుంచి దూరం జరుగుతుంది. ఒకరు చూపు తిప్పకుండా వేలు చూపిస్తూ ఉండాలి. మనిషీ పడవా ఒకే నీటిలో జారుతుంటాయి కాబట్టి ప్రవాహం వాళ్లిద్దరినీ విడదీయదు, గాలి విడదీస్తుంది. గాలికి ఎదురుగా నెమ్మదిగా వచ్చి, పక్కకు చేరాక ఇంజన్ ఆపి ఎక్కించాలి. దిగువన ఉన్న బార్జి, స్తంభం ఎంత దూరంలో ఉన్నాయన్నదే అప్పుడు మీకున్న గడువు.

తిరుగు ప్రయాణం

పొద్దు గూకేలోగా రేవు చేరేలా లెక్క వేసుకోండి. ఆలస్యమైతే దీపాలు వెలిగించండి. ఎదుటి పడవవి ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయంటే అది సూటిగా మీ మీదికే వస్తోంది. తోపుడు బార్జిల వరసకు ముందు కొసన చిన్న రంగు దీపాలు, ఎంతో వెనక తోపుడు పడవ దీపాలు ఉంటాయి. నడుమ చీకటి ఖాళీ నీరు కాదు, బార్జిలు. ఒడ్డున లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే వాటి ముందునుంచి ఏదో పెద్దది పోతోందని గుర్తుపట్టాలి.

రేవుకు ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా చేరాలి. ఏటివాలున వస్తుంటే రేవు దాటి, స్థలం చూసుకుని తిరిగి రావాలి. ప్రవాహానికి సరిపడా గేరు ఉంచితే పడవ నిలబడినట్టే ఉంటుంది. ముక్కును కొద్దిగా గట్టు వైపు తిప్పితే నీరే మెల్లగా పక్కకు తోసుకొస్తుంది. ముందు ఎగువ వైపు ముక్కు తాడు కట్టాలి. వెనక తాడు ముందు కడితే ప్రవాహం ముక్కును పట్టి పడవను అడ్డం తిప్పేస్తుంది.

పడవను ఒడ్డుకు తీశాక అడుగు బిరడా తీసి నీళ్లు పూర్తిగా వంచేసి, గడ్డి, నాచు, గవ్వలు గీకి, ఆరనివ్వాలి. ఒక నదిలోని జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప లాంటి జీవులు ఇలా మిగిలిన నీటితో, అంటుకున్న నాచుతో మరో నదికి పాకుతాయి. ఇంజన్‌లో పది నిమిషాలు మంచినీళ్లు తిప్పి కడగాలి. చివరగా ప్రొపెల్లర్ విప్పి దాని వెనక ఇరుసును చూడండి. జాలర్ల నైలాన్ దారం అక్కడ చుట్టుకుని, వేడికి కరిగి, సీల్‌ను కోసేస్తుంది. అటునుంచి గేరు పెట్టెలోకి నీరు చేరితే నూనె పాలరంగులోకి మారుతుంది. ఆ రంగు కనబడితే సీల్ మార్చి, నూనె మార్చేదాకా ఆ పడవను మళ్లీ నదిలో దించొద్దు.